టాంజియర్ నుంచి లారాష్, లిక్సస్: కొండని కింద నుంచి మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మొరాకోలోని టాంజియర్‌లో నాలుగు రోజులుంటారు, వెంట అరవై దాటిన అమ్మానాన్నలున్నారు, వాళ్లు శాకాహారులు. అందులో ఒక రోజు లారాష్ ఊరికీ, దాని పక్కనున్న లిక్సస్ శిథిలాలకీ ఇవ్వాలా, లేకపోతే అందరూ చెప్పే రోమన్ శిథిల నగరం వోలుబిలిస్‌కే వెళ్లాలా?

నా జవాబు: లారాష్, లిక్సస్ వెళ్లండి. వోలుబిలిస్ గొప్పది కాదని కాదు. 1997లోనే యునెస్కో జాబితాకెక్కిన చోటు అది, నిలబడ్డ స్తంభాలు, నేలమీద మొజాయిక్‌లు (రంగురాళ్ల ముక్కలు పొదిగిన బొమ్మలు), విజయతోరణం అన్నీ ఉన్నాయి. కానీ అది మెక్నెస్ దగ్గర ఉంది, టాంజియర్ నుంచి ఒకవైపే 200 కిలోమీటర్లు దాటుతుంది. పెద్దవాళ్లని ఒక్క రోజులో తీసుకెళ్లి తీసుకొస్తే వాళ్లకి గుర్తుండేది కారు సీటు మాత్రమే. లారాష్ అయితే సుమారు 85 కిలోమీటర్లు, గంటా గంటంబావు ప్రయాణం. అయితే ఒక మాట ముందే చెప్పాలి. లిక్సస్‌లో వోలుబిలిస్ కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. అక్కడ చూడాల్సింది వేరు.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఉద్యోగం పనిమీద మూడేళ్లు టాంజియర్‌లో ఉన్నాను, లిక్సస్‌కి ఆరేడుసార్లు వెళ్లి ఉంటాను. మొదటిసారి పూర్తిగా దండగ. జులై నెల, మిట్టమధ్యాహ్నం, చేతిలో అర లీటరు నీళ్ల సీసా. టాక్సీ దిగి నేరుగా కొండెక్కాను. పైన రాళ్లు, ముళ్లకంపలు, నాలుగు మేకలు. పడిపోయిన గోడల మధ్య అరగంట తిరిగి దిగొస్తే, తిరిగొస్తానన్న టాక్సీ అతను రాలేదు. హైవే పక్కన గంటకి పైగా నిలబడ్డాను. ఎండలో నిలబడలేక రోడ్డు వారనే ఉన్న శిథిలాల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. అవేంటో తెలీదు, చతురస్రంగా గోతులు, వరసగా, పక్కపక్కనే. నీళ్ల తొట్లేమో అనుకున్నాను. అక్కడి కాపలా పెద్దాయన నా వాలకం చూసి జాలిపడ్డాడేమో, దగ్గరికొచ్చి, సగం స్పానిష్‌లో సగం సైగలతో, ఒక చెయ్యి ఆ గోతుల వైపు, ఇంకో చెయ్యి నది ఒడ్డున మెరుస్తున్న ఉప్పు మడుల వైపు చూపించి, తర్వాత లారాష్ రేవు వైపు చూపించాడు. చేప, ఉప్పు, నది. మాది చినగంజాం వైపు. ఉప్పు మడులూ కొఠార్లూ చూస్తూ పెరిగినవాణ్ని. ఆ మూడు ముక్కలు చాలు, మిగతాదంతా అర్థమైపోయింది.

అందుకే నా మొదటి సలహా: కొండని పైనుంచి కాదు, కింద నుంచి మొదలుపెట్టండి.

లిక్సస్ ఉన్న కొండ పేరు చెమ్మిష్. ఎత్తు 80 మీటర్లు, అంతే. లుక్కోస్ నది కుడి ఒడ్డున, లారాష్‌కి నాలుగు కిలోమీటర్ల ఈవల, టాంజియర్ నుంచి వచ్చే పాత జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. ఈ నదీముఖం దగ్గర ఫినీషియన్లనే సముద్ర వ్యాపారులు క్రీ.పూ. 8వ శతాబ్దం నాటికే స్థిరపడ్డారు. ఇప్పటి లెబనాన్ తీరం నుంచి మధ్యధరా సముద్రం మొత్తం దాటి, జిబ్రాల్టర్ జలసంధి కూడా దాటి, అట్లాంటిక్ మీదికి వచ్చి వేసిన మకాం ఇది. అప్పట్లో ఈ కొండ కింద వెడల్పాటి అఖాతం ఉండేది, ఓడలు ఇక్కడిదాకా వచ్చేవి. నది తెచ్చిన ఒండ్రుతో అది పూడిపోయింది. ఇప్పుడు కొండ కింద నిలబడితే కనిపించేది పచ్చిక, ఉప్పు నేల, వంకరలు తిరిగే నది. మన కృష్ణా జిల్లా ఘంటసాల కూడా ఒకప్పుడు రేవే, ఇప్పుడు అక్కడ నిలబడి సముద్రమేదీ అంటే దిక్కులు చూడాలి. అదే కథ.

రోడ్డు పక్కన ఉన్న ఆ తొట్లే లిక్సస్‌లో అసలు సంగతి అని నా అభిప్రాయం. చేపల్ని ఉప్పులో ఊరబెట్టే కార్ఖానాలవి. పది దాకా సముదాయాలు బయటపడ్డాయి. తొట్లన్నీ లెక్కేస్తే 140కి పైనే, వాటిలో పట్టేది మొత్తం వెయ్యి ఘనపు మీటర్ల పైచిలుకు, అంటే పది లక్షల లీటర్లు. పశ్చిమ మధ్యధరా ప్రాంతం మొత్తంలో పెద్ద ఉప్పుచేపల కేంద్రాల్లో ఇదొకటి. ఇక్కడ రెండు సరుకులు తయారయ్యేవి. ఒకటి ఉప్పు చేప. రెండోది గారమ్ అనే పులుసు: చేపల పేగులూ చిన్న చేపలూ ఉప్పుతో కలిపి ఎండకి నెలల తరబడి ఊరబెడితే దిగే ద్రవం. రోమ్ వాళ్ల వంటలో అది లేని కూర తక్కువ. దాన్ని మట్టి కూజాల్లో నింపి ఓడలకెక్కించేవాళ్లు. ఆ కార్ఖానాల దగ్గర వాసన ఎలా ఉండేదో ఉప్పుచేపల సంతకి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు.

తొట్ల లోపలికి వంగి చూడండి (దిగొద్దు). గోడలకి, అడుగుకి పూసిన గచ్చు ఇంకా చాలాచోట్ల ఉంది. సున్నంలో ఇటుకపొడి కలిపిన పూత. మన పాత ఇళ్ల మేడలకీ, బావులకీ వాడిన సుర్ఖీ గచ్చు లాంటిదే, ఎర్రగా ఉంటుంది. మూలల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే పదునుగా ఉండవు, గుండ్రంగా నున్నగా చేసి ఉంటాయి. కారకుండా ఉండటానికీ, కడగడానికీ. రెండు వేల ఏళ్ల కింద మేస్త్రీ ఎవరో బొటనవేలితో సర్దిన మూలలవి. మా నాన్నని తీసుకెళ్లినప్పుడు ఆయన కొండపైన గుళ్ల గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు గానీ, ఈ గచ్చు దగ్గర మాత్రం పావుగంట నిలబడ్డాడు.

ఇంత చేప ఎక్కడిదంటే, ట్యూనా. వసంతంలో ట్యూనా మందలు గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్ నుంచి జిబ్రాల్టర్ జలసంధి గుండా మధ్యధరాలోకి వెళ్తాయి, ఎండాకాలంలో వెనక్కి వస్తాయి. దారి మధ్యలో ఈ తీరం. ఇప్పటికీ లారాష్ దగ్గరి సముద్రంలో పెద్ద పెద్ద స్థిర వలలు కట్టి ట్యూనా పడతారు. లిక్సస్ వేసిన పాత నాణేల మీద కూడా ట్యూనా చేపలు, ద్రాక్ష గుత్తులు ఉన్నాయి. ఈ ద్రాక్ష సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక నెమ్మదిగా పైకి. కొండ మధ్యలో అర్ధచంద్రాకారంలో మెట్ల వరసలు, కింద గుండ్రటి బరి కనిపిస్తాయి. నాటకశాలా, మృగాల పోరు జరిగే బరీ రెండూ ఒకటిగా కట్టిన నిర్మాణం ఇది. బరి చుట్టూ గోడ మనిషెత్తుకు మించి ఉంటుంది, ఎందుకో తెలుసుగా, మృగం ప్రేక్షకుల్లోకి దూకకుండా. పక్కనే స్నానశాల. అమ్మానాన్నలకి ఓపిక ఇక్కడిదాకా ఉంటే చాలు. మెట్ల మీద కూర్చోబెట్టండి, ఎదురుగా లోయ మొత్తం కనిపిస్తుంది. మిగతా కొండ మీరెక్కి రండి, అరగంట పని.

పైన గుళ్ల పేట ఉంది, ఇళ్ల పునాదులు, నీటి తొట్లు, రోమన్లకన్నా పాతవైన పెద్ద పెద్ద రాళ్ల గోడలు, చివరి రోజుల నాటి మసీదు ఆనవాళ్లు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోయారు కాబట్టి చూడగానే ఏదేమిటో విడదీయలేం. కొంచెం చరిత్ర తెలిస్తే సాయం. రోమన్లకి ముందు ఇది మౌరిటానియా (ఈ ప్రాంతపు పాత రాజ్యం, ఇప్పటి అదే పేరున్న దేశం కాదు) రాజుల చేతిలో ఉంది. వాళ్లలో రెండో జుబా (క్రీ.పూ. 25 నుంచి క్రీ.శ. 23 దాకా ఏలాడు) రోమ్‌లో పెరిగినవాడు, ఈజిప్టు క్లియోపాత్రా కూతుర్ని పెళ్లాడాడు. వాళ్ల కొడుకు టాలమీని (భూగోళం రాసిన టాలమీ వేరు, కంగారు పడకండి) కాలిగులా చక్రవర్తి చంపించాడు. క్రీ.శ. 40 ప్రాంతంలో రాజ్యం రోమ్‌లో కలిసిపోయింది. తర్వాత వచ్చిన క్లాడియస్ లిక్సస్‌కి రోమన్ కాలనీ హోదా ఇచ్చాడు. అప్పటికే ఈ ఊరికి ఏడెనిమిది వందల ఏళ్లు, అది తల్చుకుంటే హోదా ఇవ్వడం కాస్త నవ్వొచ్చే మాటే.

మొజాయిక్‌లు అడుగుతారేమో, పైన ఇళ్లలో దొరికిన మంచివి ఇప్పుడు కొండ మీద లేవు. స్పెయిన్ ఏలుబడిలో ఉన్నప్పుడు తవ్వకాలు జోరుగా సాగాయి, దొరికినవాటిని టెటువాన్ పురావస్తు ప్రదర్శనశాలకి తరలించారు. వీనస్-అడోనిస్, ముగ్గురు దేవకన్యల మొజాయిక్‌లు అక్కడే చూడాలి. గ్రీకు కథల్లోని వీరుడు హెర్క్యులిస్, రాక్షసుడు ఆంటియస్‌ల కుస్తీ చూపించే చిన్న కంచు బొమ్మ అయితే రబాత్ ప్రదర్శనశాలలో ఉంది. టెటువాన్ టాంజియర్‌కి 60 కిలోమీటర్లే. మీకున్న నాలుగు రోజుల్లో ఒక పూట దానికిచ్చి, వీలైతే లిక్సస్ కన్నా ముందే అది చూడండి. బోసిపోయిన ఇళ్ల నేలలు చూసినప్పుడు వాటిమీద ఏముండేదో కళ్లముందు మెదులుతుంది. లిక్సస్‌లో చాలా భాగం ఇంకా మట్టి కిందే ఉంది. 1995 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది, ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు ప్రవేశం దగ్గర సందర్శకుల కేంద్రం ఒకటి కట్టారు, నేను మొదట వెళ్లిననాటి అనాథలా లేదు.

కొండ కొసన నిలబడినప్పుడు ఒక్క పని చెయ్యండి. నది వైపు తిరిగి కాసేపు ఊరికే చూడండి. పాత గ్రీకు కథల్లో బంగారు ఆపిళ్ల తోట ఉంది, హెస్పెరిడెస్ అనే కన్యలది. దానికి కాపలా ఒక మహాసర్పం. ఆ తోట ఇక్కడే ఉండేదని, ఆంటియస్ కోట కూడా ఇక్కడేనని పూర్వం చెప్పుకునేవాళ్లని క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆంటియస్ భూమి తాకినంతసేపూ ఓడిపోడు. మన జరాసంధుడి విషయంలో భీముడికి గడ్డిపోచ చీల్చి చూపించాల్సి వచ్చినట్టు, ఇక్కడ హెర్క్యులిస్‌కీ ఒక కిటుకు కావాల్సొచ్చింది: వాణ్ని నేలమీంచి ఎత్తి పట్టుకోవడం. సరే, ప్లినీ ఏమంటాడంటే, తన కాలానికి ఆ తోటలో మిగిలింది అడవి ఆలివ్ చెట్లే, ఇక ఆ పాము అంటారా, మెలికలు తిరుగుతూ లోపలికొచ్చే ఈ నీటిపాయనే జనం అలా చెప్పుకుని ఉంటారు అని. పైనుంచి చూస్తే మీకే తెలుస్తుంది. లుక్కోస్ అచ్చం పడగ దించి పడుకున్న పాములాగే ఉంటుంది. రెండు వేల ఏళ్లుగా నది దారి మార్చుకుని ఉండొచ్చు, మెలికలు మాత్రం పోలేదు.

ఇక లారాష్. మధ్యాహ్నానికి అక్కడికి చేరండి. అరబ్బీలో ఊరి పేరు అల్ అరాయిష్. అంటే పందిళ్లు, ద్రాక్ష తీగలు పాకించే పందిళ్లు. నాణేల మీద ద్రాక్ష గుత్తి గుర్తుంచుకోమన్నాను కదా. ఊరు నది ఇవతలికి వచ్చింది, పేరు మారింది, ద్రాక్ష మాత్రం ఎలాగోలా వెంట వచ్చింది.

ఊళ్లో చూసేవి రెండు మూడు గంటల్లో అయిపోతాయి, తొందర లేకుండా తిరగడమే దాని రుచి. 1911లో స్పెయిన్ సైన్యం ఇక్కడ దిగింది, 1956 దాకా ఇది స్పానిష్ రక్షిత ప్రాంతం. అందుకే ఊరి నడిబొడ్డున ఉన్న లిబరేషన్ చౌక్ మొరాకోలా కాక స్పెయిన్‌లో ఏదో ఊరిలా ఉంటుంది: గుండ్రటి చౌక్, తాటి జాతి చెట్లు, చుట్టూ కమానుల వరండాలు, తెలుపూ నీలం రంగులు. అక్కడి పెద్దవాళ్లకి ఫ్రెంచ్ కన్నా స్పానిషే బాగా వస్తుంది. చౌక్ నుంచి పెద్ద ద్వారం దాటితే పాత బజారు, కమానుల కింద వరసగా దుకాణాలు. ఇక్కడ మర్రకేష్‌లాగా చెయ్యి పట్టుకు లాగేవాళ్లు లేరు. మా అమ్మకి మొరాకోలో నచ్చిన బజారు ఇదొక్కటే.

కోటలు రెండున్నాయి. ఒకటి కొంగల కోట. 1578లో ఇక్కడికి దగ్గర్లోని క్సార్ ఎల్ కెబీర్ వద్ద పెద్ద యుద్ధం జరిగింది. పోర్చుగల్ రాజు సెబాస్టియన్ అందులో చనిపోయాడు, మొరాకో సుల్తాను, పదవీచ్యుతుడైన ఇంకో సుల్తాను కూడా అదే రోజు పోయారు. అందుకే దాన్ని ముగ్గురు రాజుల యుద్ధం అంటారు. ఆ తర్వాత మొరాకోని ఏలిన సాదీ వంశపు సుల్తానులు లారాష్‌ని గట్టి చేసుకోవడానికి కట్టించిన కోట ఇది. రెండోది సముద్రం ఒడ్డున, కుబైబాత్ అంటారు, శిథిలమైపోయింది. 1610లో ఊరు స్పెయిన్ చేతికి పోయింది, 1689లో మొరాకో సుల్తాను మౌలే ఇస్మాయిల్ తిరిగి తీసుకున్నాడు. సాయంత్రం అట్లాంటిక్ మీది బాల్కనీ అని పిలిచే రోడ్డు మీద నడవండి, ఊరంతా అప్పుడు అక్కడే ఉంటుంది. సాహిత్యం ఇష్టమైతే, ఫ్రెంచ్ రచయిత జాన్ జెనే సమాధి ఇక్కడి పాత స్పానిష్ శ్మశానంలో, సముద్రానికి ఎదురుగా ఉంది. 1986లో పారిస్‌లో పోయినా ఇక్కడే ఖననం చేశారు.

తిండి గురించి టెన్షన్ పడకండి, కానీ జాగ్రత్త అవసరం. రేవు దగ్గర అంతా సార్డిన్ చేపల వేపుడే. అమ్మానాన్నలకి బిస్సారా అడగండి. ఎండు ఫావా గింజలు (చిక్కుడు జాతివి) మెత్తగా ఉడికించి మెదిపిన చిక్కటి పప్పు, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. ఉత్తర మొరాకోలో పొద్దునపూట చిన్న కొట్లలో దొరుకుతుంది. మా నాన్న అది తిని ‘దీన్లో ఎండుమిరపకాయ తాలింపు పడితే’ అని ఆగిపోయాడు. టాంజియర్‌లో అయితే కలింటీ అనే శనగపిండి వంటకం బళ్ల మీద అమ్ముతారు, వేడివేడిగా బాగుంటుంది. మన పరోటాలాంటి మ్సెమ్మెన్ ఎక్కడైనా దొరుకుతుంది. కూరగాయల తజీన్ (మట్టి పాత్రలో వండే కూర) అని రాసి ఉన్నా మాంసం పులుసులో ఉడికించే అలవాటుంది, హరీరా సూప్‌లోనూ అంతే. ‘బ్లా ల్హమ్, బ్లా హూత్’ అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. స్పానిష్‌లో ‘సిన్ కార్నే’ కూడా పనిచేస్తుంది. అప్పటికీ అనుమానముంటే మీతో తెచ్చుకున్న పొడులు ఎలాగూ ఉంటాయి.

వెళ్లే మార్గం. టాంజియర్‌కీ కాసాబ్లాంకాకీ మధ్య 2018 నుంచి నడుస్తున్న హైస్పీడ్ రైలు చూసి లారాష్‌కి కూడా అదే ఎక్కొచ్చనుకోకండి. లారాష్‌కి రైలు లేదు. బస్సులున్నాయి. గ్రాండ్ టాక్సీలున్నాయి, ఇవి మన సర్వీసు ఆటోల్లాంటివే, ఆరుగురు నిండితే కదులుతాయి. పెద్దవాళ్లతో కాబట్టి మొత్తం సీట్ల డబ్బులిచ్చి బండి మీదే చేసుకోండి, లేదా రోజంతటికీ కారు మాట్లాడుకోండి. ముందే గట్టిగా మాట్లాడాల్సింది రెండు: లిక్సస్ దగ్గర రెండున్నర గంటలు ఆగాలి, డబ్బు మొత్తం తిరిగి టాంజియర్ చేరాకే. నేను మొదటిసారి ముందే ఇచ్చేశాను, ఫలితం పైన చదివారు. పాత జాతీయ రహదారి మీదుగా వెళ్లమనండి, కొండ దాని పక్కనే.

పొద్దున ఎనిమిదికి బయల్దేరితే ఎండ ముదరకముందే కొండ పని అయిపోతుంది. నీడ దాదాపు లేదు. బూట్లు వేసుకోండి, చెప్పులతో ముళ్లు గుచ్చుకుంటాయి. ఏప్రిల్, మే నెలలైతే కొండంతా పూలు, రోడ్డు పక్కన లుక్కోస్ లోయ స్ట్రాబెర్రీలు కూడా అమ్ముతుంటారు. చలికాలం వానలు బాగానే పడతాయి, రాళ్లు జారతాయి. డ్రోన్ మాత్రం సామానులో పెట్టకండి, మొరాకోలో అనుమతి లేకుండా తేవడమే నేరం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. వీసా మన పాస్‌పోర్టుకి తప్పనిసరి, మొరాకో ప్రభుత్వానికి ఈ-వీసా పోర్టల్ ఉంది, మీకు వర్తించే షరతులు అక్కడే చూసుకుని టికెట్లు కొనండి.

చివరిగా, సాయంత్రం ఓపిక మిగిలితే రేవు దగ్గర పడవెక్కి నది అవతలి రాస్ ర్మెల్ ఇసుక తీరానికి వెళ్లి రండి. ఎండాకాలంలో చిన్న పడవలు తిరుగుతూనే ఉంటాయి, దాటడానికి కొన్ని నిమిషాలే. పడవలో ఊరి వైపు వీపు పెట్టి, నది లోపలి వైపు చూసేలా కూర్చోండి. పొద్దున మీరెక్కిన కొండ అటుగానే ఉంటుంది.

ఏ నెలలో వెళ్తున్నారో రాస్తే, ఎండా గాలీ సంగతి ఇంకొంచెం వివరంగా చెప్తాను. రంజాన్‌లో పడితే మాత్రం ముందే చెప్పండి, పగలు హోటళ్లు దాదాపు మూసే ఉంటాయి, అమ్మావాళ్ల మధ్యాహ్న భోజనం సంగతి వేరేగా చూసుకోవాలి.